ఐదో తరగతి: ఒకే డాక్‌లో అందరూ కలిసి రాస్తే గందరగోళం అవుతోంది, ఎలా నడపాలి?

పలకబలపం
ఐదో తరగతి, 24 మంది, 6 ట్యాబులు, వైఫై ఫర్వాలేదు. ‘మా ఊరి సంత’ మీద స్వీయరచన. అందరికీ ఒకే గూగుల్ డాక్ లింకు ఇచ్చి రాయమన్నాను. ఒకరి వాక్యం మధ్యలోకి ఇంకొకరు దూరి రాస్తున్నారు. ఎవరో ఒకరు మొత్తం సెలెక్ట్ అయిపోయింది చూసుకోక చెరిపేస్తున్నారు. గ్రూపులో టైపింగ్ వచ్చిన పిల్ల ఒక్కతే రాస్తుంది, మిగతా ముగ్గురూ చోద్యం చూస్తారు. పక్క గ్రూపు రాసింది చదివి కామెంటు పెట్టమంటే ‘సూపర్’, లేదంటే చప్పట్ల బొమ్మ. రాసిన నాలుగు వాక్యాలూ గైడు భాషే: ‘మా ఊరిలో సంత జరుగును. సంతలో కూరగాయలు అమ్ముదురు. సంత చాలా బాగుండును.’ దీనికన్నా నోటుపుస్తకమే నయమేమో అనిపిస్తోంది. తరగతిలో వాడుతున్నవాళ్లు పద్ధతి చెప్పండి.

ఎర్రసిరా
చిక్కంతా ఒకే డాక్ దగ్గరే వచ్చింది. 24 మందికి ఒకటి కాదు, గ్రూపుకి ఒకటి చెయ్యండి. ముందు మీరు ఒక నమూనా డాక్ తయారు చేసుకుని, లింకు చివర ఇంగ్లీషులో ఉన్న ‘ఎడిట్’ అన్న మాట తీసేసి అక్కడ ‘కాపీ’ అని ఇంగ్లీషులోనే పెట్టి పంపితే, తెరిచిన ప్రతి గ్రూపుకీ సొంత కాపీ వస్తుంది. గూగుల్ క్లాస్‌రూమ్ ఉంటే అదీ అక్కర్లేదు, అసైన్‌మెంట్ పెట్టేటప్పుడే ‘ప్రతి విద్యార్థికీ ఒక కాపీ’ అని ఎంచుకోవచ్చు.
ఆ డాక్ లోపల నలుగురికీ నాలుగు ట్యాబులు పెట్టండి. చేతిలో పట్టుకునే ట్యాబు కాదు, 2024 చివర్లో డాక్స్‌లో ఎడమ పక్కన వచ్చిన పేజీల లాంటివి. ఒక్కోదానికి ఒక్కో పిల్ల పేరు. ఎవరి చోటులో వాళ్లు రాస్తారు, ఐదోది ‘అందరిదీ’. కలపడం అక్కడ.

గోదారిగట్టు
టేబుల్ గీసి ఒక్కో గడి ఒక్కొక్కరికి ఇచ్చినా అదే పని జరుగుతుంది కదా?

ఎర్రసిరా
కంప్యూటర్ మీద జరుగుతుంది. 8 అంగుళాల ట్యాబులో గడి ఇరుకై ‘కూరగాయలమ్మాయి’ లాంటి మాట రెండు ముక్కలై రెండు వరుసల్లో పడుతుంది. చదవడం ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్న పిల్లలు అక్కడే ఆగిపోతారు.

మానేరు_తీరం
మీరంత డాక్ సంగతే చెప్తున్నరు. అసలు మొదటి ప్రతి ట్యాబుల రాయియ్యొద్దు. నోట్‌బుక్‌లనే రాయాలె. ఐదో తరగతి పిల్లకు అక్షరం ఎక్కడుందో వెతుకుడే పెద్ద పని. వెతికేలోపట చెప్పాలనుకున్న మాట పోతది. అందుకే చిన్న చిన్న గైడు వాక్యాలు వస్తయి, అవి కంఠతా ఉంటయి గనక. కాగితం మీద 15 నిమిషాలు తప్పులు చూడకుండ రాయనియ్యి, తర్వాత దాంట్ల ఒక్క ముక్క, నాలుగైదు వాక్యాలు, డాక్‌ల ఎక్కియ్యి. ఆన్‌లైన్ పనికొచ్చేది తిరగరాసుడుకు. కాగితం మీద నడుమ ఒక వాక్యం పెట్టాలంటే అంత కొట్టేసి మళ్ల రాయాలె, పిల్లలు ఆ బద్ధకానికే మార్చరు. డాక్‌ల నడుమ ఎక్కడైన పెట్టొచ్చు. దాని లాభం గదే.

గోదారిగట్టు
దీనితో నేను సగమే ఒప్పుకుంటాను. కాగితం మీద రాసింది చూసి ఎక్కించడం అంటే పిల్లలకి చూచిరాతే. ముందుగా నలుగురూ కలిసి నోటితో కథ అల్లి, ఒకరు టైపు చేస్తుంటే తెర మీద అప్పటికప్పుడు మార్చుకోవడంలో ఉండే ఉత్సాహం దాంట్లో రాదు.

మానేరు_తీరం
మొత్తం ఎక్కియ్యమంటే చూచిరాతే. ఒక్క ముక్కే అన్న. ఏ ముక్క అనేది పిల్లనే ఎంచుకోవాలె, ‘ఇది ఇంక పెద్దగ చెప్పొచ్చు’ అనిపించింది. ఎంచుకునుడు కూడ రాసే పనే.

ఓనమాలు
గోదారిగట్టు గారు చెప్పిన కలిసి రాయడానికి పాత్రలు కట్టాలి, లేకపోతే పలకబలపం గారు చెప్పినట్టు ఒక్కరే రాస్తారు. నలుగురిలో ఒకరు చెప్పాలి, ఒకరు టైపు చెయ్యాలి, ఒకరు తెర మీద పడింది పైకి చదవాలి, ఒకరు ‘ఎవరు, ఎక్కడ, ఎలా ఉంది, తర్వాత’ అన్న నాలుగు ప్రశ్నల చీటీ పట్టుకుని అడగాలి. 5 నిమిషాలకి ఒకసారి చప్పట్లు, అందరూ కుడి పక్కకి జరుగుతారు. 20 నిమిషాల్లో అందరికీ నాలుగు పనులూ వస్తాయి.
ఒక్క కట్టడి గట్టిగా పెట్టండి: టైపు చేసే పిల్ల సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు, చెప్పింది చెప్పినట్టే పడాలి. టైపింగ్ వచ్చిన పిల్ల పెత్తనం దీంతో పోతుంది. చదివే పిల్ల ఉంటే తప్పులూ అక్కడికక్కడే బయటపడతాయి, ‘సంతలో సంతలో’ అని రెండుసార్లు పడినా చెవికి తెలుస్తుంది.

పలకబలపం
పాత్రల పద్ధతి బాగుంది. టైపింగ్ మాత్రం ఇంకా చిక్కే. ఇంట్లో ఫోన్లలో అలవాటు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు ఎంచుకుంటున్నారు.

వాక్యం
అది ఇవాళే ఆపించండి. ప్రాథమిక తరగతుల్లో అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది అదే. ‘కె ఏ ఎల్ ఎల్ యు’ కొడితే పైన కళ్లు, కల్లు, కాళ్లు వరసగా వస్తాయి. పిల్ల మొదటిది నొక్కేస్తుంది. ల–ళ, న–ణ, ద–ధ, స–శ–ష తేడా ఆలోచించాల్సిన అవసరమే రాదు, పెట్టె ఆలోచిస్తుంది. ‘అమ్మమ్మ కల్లు మూసుకుంది’ అని వస్తే నవ్వుకుంటాం గానీ, ఆ పిల్లకి ళ రాదని మనకి తెలిసే దారి మూసుకుపోయింది. లేఖిని (ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే సైటు) లాంటి వాటిలో ళకి పెద్ద ఎల్, ణకి పెద్ద ఎన్ కొట్టాలి కాబట్టి కాస్త నయం, కానీ అదీ తెలుగుని ఇంగ్లీషు మీదుగా నేర్పడమే.
కంప్యూటర్ ఉంటే ఇన్‌స్క్రిప్ట్, అంటే ఒక్కో కీకి నేరుగా తెలుగు అక్షరమే ఉండే కీబోర్డు అమరిక. విండోస్‌లో తెలుగు భాష చేర్చుకుంటే అదే వస్తుంది, విడిగా ఏమీ ఎక్కించనక్కర్లేదు. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. ‘పుస్తకం’ కొట్టాలంటే ప, కొమ్ము, స, పొల్లు, త, క, సున్న. ఏడు నొక్కులు. ‘స్త’ అంటే స కింద త అని మనం నోటితో చెప్పే వరసే చేతికి కూడా వస్తుంది. పొల్లు గుర్తు డి కీ మీద ఉంటుంది, ఆ ఒక్క కీకి ఎర్ర స్టిక్కర్ అంటించండి, ఒత్తులన్నిటికీ తాళం అదే. మహాప్రాణాలు షిఫ్ట్‌తో వస్తాయి: క ఉన్న కీ మీదే ఖ. ళ మహాప్రాణం కాకపోయినా అదీ అంతే, ల ఉన్న కీ మీదే షిఫ్ట్‌తో వస్తుంది.

గోదారిగట్టు
ఐదో తరగతికి ఇన్‌స్క్రిప్ట్ చాలా భారం అండీ. ట్యాబుకి కీబోర్డే ఉండదు.

వాక్యం
ట్యాబు అయితే జీబోర్డులో (గూగుల్ కీబోర్డు) తెలుగు చేర్చేటప్పుడు కింద రకాలు చూపిస్తుంది: తెలుగు అక్షరాల పేటిక, ఇంగ్లీషు అక్షరాలతో, చేతిరాత. మూడు, నాలుగు తరగతులకి చేతిరాత పెట్టండి. వేలితో అక్షరం గీస్తే అచ్చు అక్షరంగా మారుతుంది. పిల్లకి అక్షర రూపం వచ్చి ఉండాలి, కాబట్టి బడిలో నేర్చుకున్నదీ ఇదీ ఒకటే అవుతుంది. ఐదో తరగతికి తెలుగు అక్షరాల పేటిక. రెండిట్లోనూ సెట్టింగుల్లోకి వెళ్లి, పైన మాటలు చూపే పట్టీ ఆపేయండి. అది ఉంటే చేతిరాతలో కూడా సగం గీసి మిగతాది ఎంచుకుంటారు.

ఓనమాలు
దీనికి ఇంకొకటి కలుపుతాను. బ్యాక్‌స్పేస్ నొక్కితే ‘స్త’ మొత్తం పోదు, త పోయి ‘స్’ మిగులుతుంది. పిల్లలు కంగారుపడి మాటంతా చెరిపేసి మళ్లీ మొదలుపెడతారు. చెరిపేటప్పుడు గుర్తు తర్వాత గుర్తు పోతుందని మొదటి రోజే పెద్ద తెర మీద చూపించాలి.

ఖమ్మంబడి
జామ్‌బోర్డ్ వాడండి, రంగు చీటీలు అంటించినట్టు ఉంటుంది, చిన్నపిల్లలకి తేలిక.

ఎర్రసిరా
జామ్‌బోర్డ్ 2024 చివర్లో మూసేశారు. అలాంటి గోడ కావాలంటే ప్యాడ్‌లెట్ ఉంది, ఉచిత ఖాతాలో కొన్ని గోడలే ఇస్తారు. పాత గోడ తుడిచి మళ్లీ వాడుకోవచ్చు. అందులో ‘నేను ఆమోదించాకే కనపడాలి’ అన్నది తప్పనిసరిగా పెట్టండి. చీటీకి ఒక్క వాక్యం అన్న పనికే అది బాగుంటుంది. పేరా కట్టడానికి పనికిరాదు, ముక్కలు ముక్కలుగానే ఉండిపోతాయి.

మేజోళ్ల_మేడమ్
ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. ఐదో తరగతి అంటే పదేళ్ల పిల్లలు. మన దేశంలో సొంతంగా గూగుల్ ఖాతా తెరవాలంటే 13 ఏళ్లు ఉండాలి. పుట్టిన తేదీ మార్చి జీమెయిల్ చేసివ్వడం వద్దు, వయసు తేలితే ఖాతా ఆపేస్తారు, రాసిందంతా దాంట్లో ఇరుక్కుంటుంది. పైగా 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే, తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి. బడి పేరు మీద గూగుల్ విద్యాసంస్థలకిచ్చే వర్క్‌స్పేస్ ఉంటే (అర్హత ఉన్న బడులకి మొదటి మెట్టు ఉచితం) తల్లిదండ్రుల సంతకం తీసుకుని అందులో ఖాతాలు ఇవ్వొచ్చు. పిల్ల పేరు బదులు తరగతి, రోల్ నంబరు పెట్టండి.

పలకబలపం
బడికి అది లేదు. 6 ట్యాబుల్లోనూ నా ఖాతాతోనే తెరుస్తున్నాను.

మేజోళ్ల_మేడమ్
అలా అయితే పిల్లలకి మీ మెయిలూ డ్రైవూ కూడా తెరిచినట్టే. బడి పని కోసం విడిగా ఒక ఖాతా చేసి దాంతో తెరవండి. ఇబ్బంది ఏంటంటే, ఎడిట్ చరిత్రలో అన్నీ ఒకే పేరు మీద కనపడతాయి, ఎవరు రాశారో తెలియదు. ఖాతా లేకుండా లింకుతో తెరిచినా అంతే, డాక్‌లో పిల్ల పేరు బదులు ‘పేరులేని’ అని ఏదో ఒక జంతువు పేరు కనపడుతుంది. దానికి ఉపాయం రంగులు: ఒక్కొక్కరికి ఒక అక్షరపు రంగు, రాసే ముందు ఆ రంగు ఎంచుకోవాలి. మర్చిపోతారు కాబట్టి ప్రతి పిల్ల చోటులో మొదటి వరస మీరే ఆ రంగులో ఆమె పేరు రాసి ఉంచితే, దాని కిందకి వచ్చిన వరసకీ అదే రంగు వస్తుంది.

సర్వర్‌గది
ఖాతాల గొడవా, ఇంటర్నెట్టూ రెండూ వద్దనుకుంటే ఈథర్‌ప్యాడ్ చూడండి, గూగుల్ డాక్ లాగే అందరూ కలిసి రాసే సాఫ్ట్‌వేర్. 2009 చివర్లో గూగుల్ దాన్ని చేసిన కంపెనీని కొన్నాక కోడ్ అందరికీ వదిలేశారు, ఇప్పటికీ ఉచితం. బడిలో పాత ల్యాప్‌టాప్ ఒకటి, 4 జీబీ ర్యామ్ చాలు, లినక్స్, నోడ్ జేఎస్ (ఈథర్‌ప్యాడ్ నడవడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్), దాని మీద ఈథర్‌ప్యాడ్. ఒక వైఫై రూటర్, దానికి నెట్ కనెక్షన్ అక్కర్లేదు. ట్యాబులు ఆ వైఫైకి కలిపి బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ ఐపీ చిరునామా (ఆ వైఫైలో దాని నంబరు), దాని పక్కన 9001 పోర్టు కొడితే తెరుచుకుంటుంది. పిల్ల పేరు రాసి రంగు ఎంచుకుంటుంది, ఆమె రాసిన ప్రతి అక్షరం వెనకా ఆ రంగు దానంతటదే పడుతుంది. కాలపట్టీ జరిపితే మొదటి అక్షరం నుంచి రచన ఎలా పెరిగిందో సినిమాలా ఆడుతుంది. పిల్లలకి చూపించదగ్గది అదే.
తప్పులు జరిగే చోట్లు: ల్యాప్‌టాప్ ఐపీ మారిపోవచ్చు, రూటర్ సెట్టింగుల్లో దాన్ని మారకుండా ఖాయం చెయ్యండి. ఎక్కించగానే వచ్చే డేటాబేస్‌ని నమ్ముకోవద్దు, మారియాడీబీ అనే డేటాబేస్ పెట్టుకోండి, లేకపోతే కరెంటు పోయి ల్యాప్‌టాప్ ఆగినప్పుడు రాసింది పోవచ్చు. ఫోన్ కీబోర్డు సూచనలు ఆన్‌లో ఉంటే కొన్నిట్లో అక్షరాలు రెండుసార్లు పడతాయి, వాక్యం గారు చెప్పినట్టు ఆ పట్టీ ఆపేస్తే ఇదీ తగ్గుతుంది.

మానేరు_తీరం
ఇది మంచిగుంది. నెట్ లేని ఊళ్లకు గిదే దారి. ఎక్కిచ్చేటప్పుడు ఒక్కసారి నెట్ కావాలె కదా?

సర్వర్‌గది
అవును, ఒక్కసారే. ఫోన్ హాట్‌స్పాట్‌తో అయిపోతుంది.

డల్లాస్_శనివారంతరగతి
కామెంట్ల సంగతికి వస్తాను. ఇక్కడి తెలుగు తరగతుల్లోనూ అదే ‘సూపర్’ జబ్బు. మందు ఏంటంటే, కామెంటు ప్రశ్నగానే ఉండాలి, ఒక రచనకి రెండుకి మించకూడదు, ఏదో ఒక మాట సెలెక్ట్ చేసి దానికే తగిలించాలి. పేజీ మొత్తానికి పెట్టే కామెంటు చెల్లదు. అక్షరదోషాల మీద కామెంటు అసలే వద్దు, అది ఆఖరి రోజు పని. పెద్ద కాగితం మీద నాలుగు మాదిరి ప్రశ్నలు రాసి గోడకి అంటించండి: ‘ఇది ఎవరు అన్నారు?’, ‘అప్పుడు నీకు ఏం వినిపించింది?’, ‘దీనికి ముందు ఏం జరిగింది?’, ‘ఎంత? ఏ రంగు? ఎలాంటి వాసన?’
ఇంకో చిక్కు, పిల్లలు కామెంటు రాగానే టిక్కు కొట్టి మాయం చేస్తారు. టిక్కు కొట్టేముందు జవాబు రాయాలి: ‘మార్చాను’, లేదా ‘మార్చలేదు, ఎందుకంటే...’. మార్చకపోయినా ఫర్వాలేదు, కారణం ఉండాలి.

ఓనమాలు
‘మార్చలేదు, ఎందుకంటే’ అన్నది నిజంగా గొప్ప అంశం. తన రచన మీద తనకి హక్కు ఉందని పిల్లకి తెలుస్తుంది.

డల్లాస్_శనివారంతరగతి
ఇక్కడి పిల్లల్లో ఇంకో సమస్య, అనువాద యంత్రంలోంచి అతికించడం. ‘నేను ఒక కుక్కను కలిగి ఉన్నాను’ అని వచ్చిందంటే అదే. తిట్టి లాభం లేదు, దాన్నే అందరి ముందూ పెట్టి ‘మీ అమ్మమ్మ ఇలా అంటుందా?’ అని అడిగితే ‘మా ఇంట్లో కుక్క ఉంది’ అని వాళ్లే చెప్తారు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న తాతలకీ అమ్మమ్మలకీ ‘కామెంటు మాత్రమే’ అనుమతితో లింకు ఇస్తే, వాళ్లకి పొద్దున అయ్యేసరికి ఇక్కడ రాత్రి, పిల్ల లేచేసరికి ప్రశ్నలు వచ్చి ఉంటాయి. ఎడిట్ అనుమతి ఇస్తే మాత్రం రచనంతా తాతగారిదైపోతుంది.

గోదారిగట్టు
ఇక్కడ అమ్మానాన్నలది కూడా. వాట్సాప్ గ్రూపులో ఎడిట్ లింకు పెడితే తెల్లారేసరికి వ్యాసం గ్రాంథికంలోకి మారిపోతుంది.

ఎర్రసిరా
ఎడిట్ చరిత్ర తెరవండి, కంప్యూటర్ బ్రౌజర్‌లో అయితే స్పష్టంగా కనపడుతుంది. పిల్ల రాసింది మాట మాటగా, చెరుపులతో పెరుగుతుంది. అతికించింది ఒక్కసారే పేరా మొత్తం పడుతుంది. పాత ప్రతికి వెనక్కి తీసుకెళ్లొచ్చు కూడా, కాబట్టి ఎవరైనా మొత్తం చెరిపేసినా ఏడవక్కర్లేదు. ప్రతి మెట్టు దగ్గరా ఆ ప్రతికి ‘మొదటిది’, ‘ప్రశ్నల తర్వాత’ అని పేరు పెట్టి ఉంచండి. మార్కులు ఆఖరి ప్రతికి కాదు, ఈ రెండిటి మధ్య ఎంత మారిందో దానికి వెయ్యండి.

కలంకారీ
టైపింగ్ ఇంత కష్టం అంటున్నారు కదా, డాక్స్‌లో మాటతో రాసే సదుపాయం తెలుగుకీ ఉంది. పిల్ల చెప్తే అదే రాసుకుంటుంది.

వాక్యం
రాయడం నేర్చుకునే పిల్లకి నోటితో చెప్తే అక్షరాలు పడిపోతే, ఒత్తులు ఎప్పుడు నేర్చుకుంటుంది? మూడో తరగతి లోపు అస్సలు వద్దు.

కలంకారీ
ఒత్తుల కోసం కాదు. తెలుగులో అది చుక్కలూ కామాలూ పెట్టదు, ఒకటే గొలుసులా పడుతుంది. అందులో ఎక్కడ వాక్యం ఆగిందో గ్రూపంతా కూర్చుని చుక్కలు పెట్టుకోవడం, ‘ఆ తర్వాత... ఆ తర్వాత’ అన్నవి తీసేయడం మంచి అభ్యాసం. మాట్లాడేది రాతగా ఎలా మారుతుందో అక్కడ తెలుస్తుంది. చెప్పే పిల్ల వరండాలోకి వెళ్లాలి, తరగతి గోలలో అది ఏదేదో రాస్తుంది.

వాక్యం
చుక్కలు పెట్టించడానికైతే ఒప్పుకుంటాను. నాలుగు, ఐదు తరగతులకి.

పలకబలపం
మానేరు_తీరం గారి పద్ధతీ, డల్లాస్ ప్రశ్నలూ కలిపి ఒక గ్రూపుతో చేయించాను. పాత వాక్యం ‘సంతలో కూరగాయలు అమ్ముదురు’. ‘అమ్ముదురు’ మీద పక్క గ్రూపు ప్రశ్న: ‘ఎవరు?’ ఇంకొకటి: ‘ఎలా అమ్ముతారు?’ ఇప్పుడు ఇలా ఉంది: ‘చింతచెట్టు కింద ఎండుచేపల అవ్వ గోనెపట్టా పరుచుకుని కూసుంటది. తక్కెడ లేదు. కుప్పలు పోసి అమ్ముతది. కుప్ప ఇరవై అంటది, పదిహేనుకిస్తది.’ బాగుంది, కానీ ‘కూసుంటది’ని దిద్దాలా వద్దా?

మానేరు_తీరం
ముట్టుకోవద్దు! పిల్లకు ఇల్లు దొరికింది ఆ మాటల్ల.

మేజోళ్ల_మేడమ్
అవ్వ మాట్లాడే చోట తప్పకుండా ఉంచాలి. రాసే పిల్ల చెప్పే వాక్యాల్లో మాత్రం ‘కూర్చుంటుంది’ కూడా రావాలి, పరీక్ష పేపరు దిద్దేవాళ్లు దయ చూపరు.

ఓనమాలు
దిద్దకుండా, డాక్‌ని ‘సూచించు’ (సజెస్టింగ్) విధానంలో పెట్టి పక్కన ‘కూర్చుంటుంది’ అని చూపించండి. పిల్ల రెండూ చూస్తుంది. ఒప్పుకోవాలా, కొట్టేయాలా అన్నది తనే తేల్చుకుంటుంది. గిడుగు పుట్టినరోజని ఆగస్టు 29న భాషాదినోత్సవం చేసే మనం పిల్ల ఇంటి మాటని ఎర్రసిరాతో కొట్టేయడం సబబు కాదు. (ఎర్రసిరా గారూ, మిమ్మల్ని కాదు!)

ఎర్రసిరా
అర్థమైంది :) ‘సూచించు’ విధానానికే నా ఓటు. ఒక జాగ్రత్త: ఒక పిల్లకి ఒక విడతలో మూడు సూచనలకి మించి పెట్టకండి. పేజీ అంతా రంగు గీతలైతే చదవకుండానే అన్నీ ఒప్పేసుకుంటారు.

ఖమ్మంబడి
అయిపోయిన రచనలు ఎక్కడైనా పెట్టొచ్చా? గోడ మీద నాలుగు రోజులుండి చిరిగిపోతున్నాయి.

కలంకారీ
ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ ఉంది, 2015 నుంచి. తెలుగు కథలు చాలా ఉన్నాయి, అక్కడి బొమ్మలు తీసుకుని తరగతి కథ బొమ్మల పుస్తకంలా కట్టొచ్చు. పేజీకి రెండు మూడు వాక్యాలే పట్టాలి కాబట్టి పిల్లలు తమ రచనని తామే కుదించుకోవాలి, అదీ మంచి పనే. అక్కడ పెట్టినవి ఎవరైనా వాడుకోగల లైసెన్సు మీద వెళ్తాయి, పిల్లల పూర్తి పేర్లూ ఫొటోలూ పెట్టకండి, ‘ఐదో తరగతి పిల్లలు’ అంటే చాలు.

పలకబలపం
ఆఖరి ప్రశ్న. డాక్‌ని ప్రింటు తీస్తే పిల్లల ప్రశ్నలు, జవాబులు కూడా రావాలి. తల్లిదండ్రుల సమావేశంలో చూపించాలి.

ఎర్రసిరా
పీడీఎఫ్‌గా దించితే రచన మాత్రమే వస్తుంది. వర్డ్ ఫైలుగా దించి వర్డ్‌లో ప్రింటు ఇస్తే కామెంట్లు అంచున వస్తాయి. టిక్కు కొట్టినవి మరుగున పడతాయి కాబట్టి సమావేశం అయ్యేదాకా టిక్కులు ఆపమనండి. ఫాంటు నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ 16 సైజులో పెట్టండి, కింది ఒత్తులు వరసల మధ్య నలగకుండా వరసల ఎడం 1.5 ఉంచండి.